ఎవరి ఆయుష్షుపై మన సంకల్పము?

మన ఇండ్లలో వ్రతము గాని, వివాహము గాని, పితృకార్యము గాని, ఏది ఆరంభింపవలసినను మొదట సంకల్పము చెప్పుకొందుము. ఆ సంకల్పములోని క్రమమును పాఠకులు ఎప్పుడైనను గమనించితిరా? చేయబోవు పని పేరు అందులో మొదట రాదు. ముందుగా దేశము వచ్చును: ఏ ద్వీపము, ఏ ఖండము, ఏ నదుల నడుమ ఉన్న నేల అని. పిమ్మట కాలము వచ్చును: సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము. ఆ తరువాత గోత్రము, పేరు. ఇవన్నియు అయిన పిదప చిట్టచివర గాని, నేను ఈ పని చేయుదునను మాట రాదు. నేనెక్కడ నిలిచి ఉన్నాను, ఏ దినమున నిలిచి ఉన్నాను అని ఒప్పుకొన్న తరువాతనే ఏదైనను తలపెట్టు అర్హత కలుగునని దీని భావము కాబోలు. పురోహితుడు త్వరత్వరగా చదువుచుండగా మనము చేతిలోని అక్షతలు జారకుండ చూచుకొనుటయందే నిమగ్నులమై, ఆ దేశకాలములు మఱెవరివో అయినట్లు ఊరకుందుము.

2020 మార్చి 25వ తేదీన ఆ దేశకాలములు మనవే అయినవి. ఆ దినము ఉగాది. శార్వరి నామ సంవత్సరము ప్రవేశించిన దినము. శార్వరి యనగా రాత్రి. దేశమంతటను లాక్‌డౌన్ మొదలైన దినమును అదియే. ఏటేట ఆలయ మంటపములు క్రిక్కిరియునట్లు జరుగు పంచాంగశ్రవణము ఆ యేడు వినువారు లేకయే జరిగెను. ఆదాయ వ్యయములు, రాజపూజ్య అవమానములు, కందాయ ఫలములు అన్నియు యథావిధిగా పఠింపబడినవి. మా పొరుగింటివారు ఆ యేడు వైశాఖమాసమున కుమార్తె పెండ్లికి ముహూర్తము పెట్టుకొని, శుభలేఖలు అచ్చు వేయించి యుండిరి. ఆ శుభలేఖల కట్ట విప్పకయే అటక మీదికి చేరెను.

ఈ వ్యాసములో నేను విచారింపదలచినది వ్యాధిని గూర్చి కాదు. దానిని గూర్చి వైద్యులు చెప్పవలసినది చెప్పిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొనెను. అత్యవసర స్థితి ముగిసినదని 2023 మే 5న ప్రకటించెను. ఆ మూడేండ్లలో మనుష్యులు తమ జీవితమును గూర్చి వేసికొన్న లెక్కలు మారిపోయినవి. ఇల్లు కట్టదలచినవాడు మానుకొనెను. నగరము విడువనన్నవాడు ఊరు చేరెను. బిడ్డను దూరపు చదువునకు పంపదలచిన తల్లిదండ్రులు దగ్గరి కళాశాల చూచుకొనిరి. ఈ మార్పులు వివేకము వలన కలిగినవా, వెఱపు వలన కలిగినవా? వెఱపులో చేసికొన్న నిర్ణయము వెఱపు తొలగిన తరువాతను మనలను బంధించునా? ఆలోచింపగా ఈ ప్రశ్నల వెనుక మఱియొక ప్రశ్న కలదని నాకు తోచినది. దానిని మెల్లగా విన్నవించెదను. అందులకు ముందు మా ప్రాంతమున జరిగినది కొంత చెప్పవలెను.

సూర్యాపేటలో 2020 ఏప్రిల్ నెలలో కూరగాయల మార్కెటు పరిసరములందు వ్యాధి పొటమరించి, నెల ముగియులోపలనే ఎనభైమందికి పైగా సోకెను. రాష్ట్రమంతయు ఆ ఊరి పేరును భయముతో పలికిన దినములవి. కూరగాయల వర్తకునకు దీర్ఘకాలపు ఆలోచనలు తక్కువ. తెల్లవారుజామున కొన్న టమాట ప్రొద్దుగ్రుంకులోపల అమ్ముడుపోవలెను. మిగిలిన దానికి మఱునాడు సగము ధరయే. కాలము నిలువ ఉండదని వారికి ఎవరును బోధింప పనిలేదు. అట్టివారి వీధులకే మొదట కంచెలు పడినవి.

ఆ సూర్యాపేటవారే కర్నల్ బిక్కుమళ్ళ సంతోష్‌బాబు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో వీరమరణము పొందిరి. ఆయనకు అంతకుముందే హైదరాబాదునకు బదిలీ అయినదనియు, లాక్‌డౌన్ వలన రాక ఆలస్యమైనదనియు నాటి పత్రికలలో చదివితిమి. చదివి, పత్రిక మడచి, చాలసేపు ఎవరితోను మాటలాడలేకపోతిని. మహమ్మారి రోగముగా తాకని ఇంటిని కాలముగా తాకెను. మనుష్యుని ప్రణాళిక ఒక్క అతని చేతిలోనే ఉండునని అనుకొనువారు ఈ ఒక్క సంగతిని తలచుకొన్న చాలును.

కోదాడకు వచ్చిన కష్టము వేరు. 2014 జూన్ 2 నుండి ఆ పట్టణమునకు ఆవల రాష్ట్రపు సరిహద్దు ఏర్పడెను గాని, బంధుత్వములకు ఏర్పడలేదు. కోదాడ పిల్లను జగ్గయ్యపేటకు ఇచ్చుట, జగ్గయ్యపేట పిల్లను కోదాడకు తెచ్చుకొనుట తరతరములుగా ఉన్నదే. పగలు పోయి రాత్రికి తిరిగివచ్చు దూరము. 2020 మార్చి చివర హైదరాబాదు వసతిగృహములు మూతపడగా, ఆంధ్రప్రాంతపు విద్యార్థులు జాతీయ రహదారి మీద గరికపాడు తనిఖీ కేంద్రము కడకు వచ్చి ఆగిపోయిరి. 2021 మే నెలలో ఇవతల రామాపురము అడ్డరోడ్డు వద్ద రోగులను తెచ్చు అంబులెన్సులు నిలిచిపోగా, ఉన్నత న్యాయస్థానము జోక్యము చేసికొనవలసి వచ్చెను. మునుపు మైలురాయిగా మాత్రమే కనబడిన చోటు ఒక ఇంటివారికిని ఇంకొక ఇంటివారికిని నడుమ గోడ అయ్యెను. ఈ గోడ సంగతి మఱల వచ్చును.

మా మిర్యాలగూడ సంగతి చెప్పనక్కరలేదు. నాగార్జునసాగరము ఎడమకాలువ నీరు వచ్చిన నాటినుండి ఈ ఊరు బియ్యపు మిల్లుల ఊరు. ఆ మిల్లులలో బస్తాలెత్తు హమాలీలు చాలమంది బీహారు రాష్ట్రమువారు. 2020 మే 1న లింగంపల్లి స్టేషను నుండి జార్ఖండులోని హటియాకు వలసకూలీలతో దేశములోనే మొదటి శ్రామిక రైలు బయలుదేరెను. అందరును ఇంటికి పోవలెనని కన్నీరు పెట్టుకొనుచున్న ఆ దినములలోనే, వారము తిరుగకముందే, అదే లింగంపల్లికి బీహారులోని ఖగడియా నుండి ఒక రైలు వచ్చెను. అందులో రెండువందలకు పైగా కూలీలు తెలంగాణ మిల్లులలో పనికై వచ్చిరి. యాసంగి వడ్లు కల్లములలో రాశులు పడియుండెను; వారికి పని కావలెను. ఒకే రోగము ఒకనిని ఇంటివైపునకును, ఒకనిని ఇంటినుండి దూరముగాను నడిపించినది. కాబట్టి మహమ్మారి మనుష్యులందరికిని ఒకే పాఠము నేర్పినదని వ్రాయువారి మాట నేను నమ్మను.

మన తాతల కాలమున కలరాను గత్తర అనెడివారు. మా ప్రాంతపు రెవిన్యూ లెక్కలలో బేచిరాగ్ అని వ్రాయబడిన గ్రామములు కలవు. దీపము లేని ఊరు అని ఆ మాటకు అర్థము. అన్నియు రోగము వలననే పాడుపడినవని చెప్పరాదు. వాగు పొంగియు, పన్నులకు తాళలేకయు విడిచిన ఊళ్ళును ఉండును. అయినను గత్తర వచ్చి ఊరికి ఊరే లేచిపోయినదను మాట పెద్దల నోట విననివారు మాలో అరుదు. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా ఈ దేశమున కోటికి పైగా ప్రాణములను బలిగొనెను. 1911 నుండి 1921 వరకు గల పదేండ్లలో దేశ జనసంఖ్య పెరుగుటకు మారు కొంచెము తగ్గెను. పుట్టిన బిడ్డలు దక్కని తల్లి, మఱల కన్న బిడ్డను పెంటకుప్ప మీద పొరలించి పెంటయ్య యనియో పెంటమ్మ యనియో పిలుచుకొనెడిది. బిడ్డకు గొప్ప పేరు పెట్టిన చో మృత్యువు కన్ను పడునని వెఱపు. పేరులో కూడ రేపటిని గూర్చి ఆశ చూపని కాలమది. అట్లని ఆనాటివారు చేతులు ముడుచుకొని కూర్చుండిరా? లేదు. పొలము గట్టున చింతమొక్క నాటిరి. అది నిండుగా కాయుటకు ఎన్ని ఏండ్లు పట్టునో వారికి తెలియును. తమకు రేపు కలదో లేదో నమ్మకము లేనివారు మనుమల పచ్చడికి చింతపండు సిద్ధము చేసిరి. మనము ఇందుకు సరిగా విపరీతముగా ఉన్నాము: మన రేపును గూర్చి సందేహము లేదు, మనుమల కాలమును గూర్చి ఆలోచన లేదు.

వైరాగ్యము మూడు విధములని వాడుకలో చెప్పుదురు: పురాణ వైరాగ్యము, ప్రసూతి వైరాగ్యము, శ్మశాన వైరాగ్యము. మూడును క్షణికములే. కోవిడ్ తెచ్చిన మార్పులలో శ్మశాన వైరాగ్యము పాలు ఎంతయో తెలిసికొనుటకు పెండ్లిండ్లను చూడవచ్చును. 2020లో పెండ్లికి ఏబదిమందికి మించరాదని నియమము పెట్టిరి. అటక మీద శుభలేఖలు దాచిన మా పొరుగింటివారు చివరకు వాకిటిలోనే, నలువదిమంది నడుమ పెండ్లి చేసిరి. అప్పు లేదు, అలసట లేదు. ఇకమీదట పెండ్లి యనగా ఇట్లే చేయవలెనని ఊరందరును అనిరి. 2022లో వారి రెండవ కుమార్తె పెండ్లికి నేను పోతిని. వచ్చినవారిని లెక్కించుట నావలన కాలేదు. వంటకములను మాత్రము లెక్కించితిని, ఇరువదియొకటి. అన్నియు రుచి చూచితినని కూడ ఒప్పుకొనుచున్నాను.

అన్నియు అట్లు ఆవిరి కాలేదు. కోదాడలో ఒక ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయుడు బడులు మూతపడగా తోపుడుబండి మీద పండ్లు అమ్ముకొనెను. 2021 ఏప్రిల్ నుండి ప్రభుత్వము అట్టి ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలును, 25 కిలోల బియ్యమును ఇచ్చినది. బడులు తెరచిన తరువాత అతడు మఱల బడికి పోలేదు. పండ్ల బండియే దుకాణమైనది. ఇది వైరాగ్యము కాదు, జ్ఞానమును కాదు, బ్రతుకుతెరువు. దానికి వేదాంతపు పేరు పెట్టుట తగదు.

ఇప్పుడు నా మనస్సును కలతపెట్టిన సంగతికి వచ్చెదను.

మిర్యాలగూడలో నాకు పరిచితుడైన ఒక మిల్లు గుమాస్తా కలడు. కాటా చీటీలు వ్రాయుట అతని పని. నమ్మకస్థుడు, శ్రీవైష్ణవ సంప్రదాయమునందు భక్తి గలవాడు. అతని తల్లి డెబ్బది దాటిన వృద్ధురాలు. వాడపల్లి లక్ష్మీనరసింహస్వామిని ఆమె చిన్ననాటినుండి ఎన్నిమార్లు సేవించినదో లెక్కలేదు. అది మాకు దాపుననే కృష్ణా మూసీ సంగమమున ఉన్న క్షేత్రము. ఆమె కోరిక ఒక్కటే: భద్రాచలములో శ్రీరామనవమి కల్యాణము కన్నులార చూడవలెనని. ఇది దుర్లభమైన కోరిక కాదు. బస్సులో ఒక దినపు ప్రయాణము. చిక్కంతయు తిథిలో ఉన్నది. శ్రీరామనవమి చైత్రములో వచ్చును. యాసంగి వడ్లు మిల్లులకు వచ్చు కాలమును అదియే. లారీలు బారులు తీరియుండగా కాటా గుమాస్తా మూడు దినములు ఊరు విడుచుట ఎట్లు? ఏటేట ఉగాది పచ్చడి తినుచు తల్లి అడిగెడిది: "ఈ ఏడన్న తీస్కపోతవా బిడ్డా?" ఏటేట అతడు, "ఈ సీజన్ పోనీ అమ్మా, వచ్చే ఏడు తప్పకుండ" అనెడివాడు. అది అబద్ధము కాదు. ప్రతి సంవత్సరమును అతడు నిజముగానే అట్లు తలచెను.

2020లో ఎట్లయినను పోవలెనని యజమాని అనుమతి కూడ ముందే తీసికొనెను. ఆ యేడు ఏప్రిల్ 2న కల్యాణము భక్తులు లేకుండ ఆలయములోనే జరిగెను. తల్లీ కొడుకులు టెలివిజను ఎదుట కూర్చుండి చూచిరి. 2021 ఏప్రిల్ 21నను అట్లే జరిగెను. ఆ మే నెలలో ఆమెకు వ్యాధి సోకెను. వేలికి తగిలించిన ఆక్సీమీటరులోని అంకెలను రాత్రియెల్ల చూచుచు కూర్చుంటినని అతడు నాతో చెప్పెను. వాడపల్లి గర్భాలయములో స్వామి ముఖము చెంత నున్న దీపము ఉచ్ఛ్వాస నిశ్శ్వాసములకు కదలినట్లు కదలుచుండుననియు, క్రింది దీపము నిశ్చలముగా ఉండుననియు ఆ క్షేత్రమును సేవించిన వారెరుగుదురు. "సార్, ఆ రాత్రి నాకు ఆ పై దీపమే కండ్లల్ల మెదిలింది" అనెను. నాలుగవ దినమున ఆమె పరమపదించెను.

2022 ఏప్రిల్ 10న కల్యాణమునకు మఱల భక్తులు వచ్చిరి. అతడు ఒంటరిగా పోయి చూచి, తలంబ్రాలు తెచ్చి తల్లి పటము ముందు ఉంచెను. తల్లి మొక్కును కొడుకు తీర్చవచ్చును. తల్లి చూడవలసిన కల్యాణమును కొడుకు చూడలేడు. ఇది నేను చెప్పిన మాట కాదు. అతడే చెప్పెను, కొంచెము వేరు మాటలలో.

అటుపిమ్మట అతనిలో ఒక మార్పు వచ్చెను. అతని కుమారుడు బెంగళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. 2020 వేసవి నుండి రెండేండ్లకు దగ్గరగా మిర్యాలగూడ ఇంటి మేడగదిలోనే కూర్చుండి పనిచేసెను. 2022లో కార్యాలయము తిరిగి పిలువగా బెంగళూరు పోయెను. ఒకనాటి ప్రొద్దున గుమాస్తా మా ఇంటికి వచ్చి, "సార్, వాడు మీ దగ్గర చదువుకున్న పిల్లవాడు. ఉద్యోగం మాని ఇక్కడికి రమ్మని మీరు చెప్పాలి. ఉన్న నాలుగు రోజులు అందరం ఒక్క చోట ఉండాలి. కరోనా నాకు ఆ బుద్ధి చెప్పింది. నేను మా అమ్మ విషయంలో చేసిన తప్పు వాడు చేయవద్దు" అనెను.

వినుటకు ఇది ఎంత యుక్తముగా ఉన్నది! నేను వెంటనే సరే యనబోతిని. ఏదో అడ్డుపడి, రెండు దినములు గడువు అడిగితిని.

ఆ రెండు దినములు భారతమునకు చెందినదిగా పెద్దలు చెప్పు ఒక కథ నన్ను వెన్నాడెను. ధర్మరాజు ఒక యాచకుని రేపు రమ్మనెనట. భీముడు పోయి విజయభేరి మ్రోగించెనట. ఏమి విజయమని అడుగగా, మా అన్న రేపటి వరకు కాలమును జయించినాడు అనెనట. ఈ కథను అందరును చెప్పుదురు. ధర్మరాజు రేపటి వరకు తాను బ్రతుకుదునని అనుకొనుటయే పొరపాటని ముగింతురు. కాని అందు మఱియొక పొరపాటు కలదు, దానిని ఎవరును ఎత్తరు. యాచకుని ఆకలి రేపటి వరకు ఆగునని ఆయన అనుకొనెను. తన భోజనమును ఆయన వాయిదా వేసికొనలేదు. వాయిదా పడినది ఎదుటివాని భోజనము.

ఇదే నేను మొదట సూచించిన ప్రశ్న. మన జీవిత ప్రణాళికలలో మన కాలము ఎంత, ఇతరుల కాలము ఎంత? ఇల్లు కట్టిన తరువాత తల్లికి యాత్ర, అప్పు తీరిన తరువాత భార్యకు పుట్టిల్లు, పదవీ విరమణ తరువాత తమ్మునితో రాజీ. ఈ లెక్కలలో వ్రాసిన ఏండ్లు మనవి కావు. తల్లి ఆయుష్షును తాకట్టు పెట్టి మన ఇల్లు కట్టుచున్నాము. తన కాలమును వాయిదా వేసికొన్నవాడు తనకే నష్టము తెచ్చుకొనును. అది వాని ఇష్టము. ఒకరి కాలమును వారినడుగక వాయిదా వేయుట వేరు. మహమ్మారి రాకపూర్వమును ఇది ఇట్లే ఉన్నది. మహమ్మారి తాకట్టు గడువును ముందుకు జరిపినది, అంతే.

పరీక్షిత్తు కథ ఇచట సరిపడదా అని కొందరు అడుగవచ్చును. ఏడు దినములలో మరణము తప్పదని తెలియగానే ఆయన అన్నియు విడిచి గంగాతీరమున కూర్చుండెను. నేను ఆ కథను చిన్ననాటినుండి వినుచున్నాను, చెప్పుచున్నాను కూడ. 2020 తరువాత నాకు ఒకటి స్ఫురించినది. పరీక్షిత్తునకు ఏడు దినములని స్పష్టముగా తెలియును. తెలిసినవానికి విడుచుట సులభము. గృహస్థునకు ఏడు దినములో, ఏడు మాసములో, ముప్పది ఏండ్లో తెలియదు. తెలియకయే జ్యేష్ఠములో నారు పోయవలెను, పిల్లవానికి ఫీజు కట్టవలెను, వాయిదాలు చెల్లింపవలెను. అన్నియు విడిచి కూర్చుండుట అతనికి ధర్మము కాదు. అన్నియు ఈనాడే చేయుదుననుటయు ధర్మము కాదు. అది వెఱపునకు మాఱుపేరు.

మఱి ఏమి చేయవలెను? మన సంప్రదాయమున సాత్త్విక త్యాగమని ఒకటి కలదు. కర్మను ఆరంభించునప్పుడును, ముగించునప్పుడును, దీనికి కర్తను నేనను భావమును, ఇది నాదను మమతను, దీని ఫలము నాకను ఆశను విడిచి, భగవంతుడే తన ప్రీతికై దీనిని చేయించుకొనుచున్నాడని తలచుట. కర్మను విడువుమని ఎచటను లేదు. విడువవలసినది పట్టు. నిత్యము సంధ్యవేళ ఈ మాట చెప్పుకొనువారము, దానిని పూజాగృహము గడప దాటనీయము. కుమారుని ఉద్యోగము, కోడలి కాన్పు, మనుమని చదువు, వీనిని నిర్ణయించునప్పుడు మాత్రము కర్తను నేనే, ఇది నాదే, ఫలము నాకే. గుమాస్తా కోరికను ఈ రాతిపై గీచి చూచితిని. తల్లి విషయమున అతడు మిల్లు సీజనుకై ఆమె ఏండ్లను వాడుకొనెను. ఇప్పుడు తన దుఃఖమునకై కుమారుని ఏండ్లను వాడుకొనదలచుచున్నాడు. లెక్క అదే; పద్దు మాత్రము మారినది. మహమ్మారి అతనికి బుద్ధి చెప్పినదనుట సగమే నిజము.

మూడవనాడు వచ్చినప్పుడు ఈ మాటయే చెప్పితిని. నా మాట మెత్తగా లేదని తరువాత తెలిసినది. అతడు తెచ్చిన కాఫీ త్రాగకయే లేచి, చెప్పులు తొడుగుకొని వెడలిపోయెను. నెలదినములు మా వీధికి రాలేదు. నాకును నిద్ర పట్టలేదు. తల్లిని పోగొట్టుకొన్న వానితో తప్పొప్పుల లెక్క మాటలాడుటకు నాకేమి అధికారము కలదు? నా సంకల్పములు మాత్రము ఎవరి కాలమును మింగలేదా? మా తండ్రిగారు తాము వ్రాసిన ఒక వ్రాతప్రతిని సరిచూడుమని పదేండ్లు అడిగిరి. పరీక్షల పేపర్లు దిద్దిన తరువాత చూచెదనంటిని. ఆ వ్రాతప్రతి ఇప్పటికిని మా బీరువాలో ఉన్నది. అందు సందేహములు తీర్చువారు లేరు.

ఆ నెల గడచిన పిదప అతడే వచ్చెను. ఈ మారు భార్యతో కూడ వచ్చెను. కుమారునితో తానే మాటలాడితిననియు, సంక్రాంతికి వచ్చి పదిదినములు ఉండెదనని అతడు చెప్పినాడనియు, అది చాలుననియు చెప్పెను. చైత్రములో మూడు దినములు సెలవు ఇంక ఎన్నడును విడువనని యజమానితో తేల్చి చెప్పితిననెను. వచ్చే నవమికి భార్యను భద్రాచలము తీసికొనిపోవుచున్నాడట. సంతోషించితిని. అంతలో నాకు ఒక సంగతి తట్టెను. ఇంత విచారణ చేసిన నేను గాని, ఇంత పశ్చాత్తాపపడిన అతడు గాని, ఆమెను ఏమి కావలెనని ఒకమాటైనను అడుగలేదు.

"అమ్మా, నీకు భద్రాచలం పోవాలని ఉన్నదా?" అని అడిగితిని.

ఆమె భర్తవైపు చూచి, కొంతసేపు కొంగు సవరించుకొని, "రాముని దర్శనం అయితే మంచిదే అన్నా. కాని ముందుగాల మా అక్కను చూడాలె" అనెను.

ఆమె అక్క జగ్గయ్యపేటలో ఉన్నది. 2020 మార్చిలో అక్క భర్త మరణించెను; అది కోవిడ్ వలన కాదు, గుండెపోటు వలన. సరిహద్దులో దారి మూసిరి. మూడవ దినమునకు గాని, పెద్దకర్మకు గాని ఈమె పోలేకపోయెను. దారి తెరచిన తరువాత, ఇప్పుడు పోయి ఏమి చెప్పుదునని సిగ్గుపడి ఒక మాసము ఆగెను. తరువాత అత్తగారి అనారోగ్యము, తరువాత సూతకము, తరువాత సంవత్సరీకము. ఇట్లు రెండేండ్లు దాటెను. కోదాడ దాటి అరగంట ప్రయాణమునకు రెండేండ్లు. ఫోనులో మాటలాడుకొనుచునే ఉన్నారు గాని, ఆ ఒక్క సంగతి మాత్రము ఇరువురును ఎత్తరట.

గుమాస్తా తల వంచుకొని వినెను. "నాకెన్నడు చెప్పలేదేమి?" అని అడుగబోయి, ఆగెను. అడిగిన చో ఏమి సమాధానము వచ్చునో అతనికి తెలియును గదా.

ఆ దినము ఆదివారము. మిల్లుకు సెలవు. ఇంటికి పోయి బట్టలు సర్దుకొని రావచ్చునని నేనంటిని. ఆమె అక్కరలేదనెను. వారిరువురును మా ఇంటినుండియే బస్‌స్టాండుకు నడిచి, పదిన్నర గంటల కోదాడ బస్సు ఎక్కిరి. దారిలో పండ్లు కొనుడని మా ఇంటావిడ ఒక సంచి ఇచ్చెను.